వరస చివర పోయిన కుట్లు

నిరుడు గంగమ్మ జాతరలో, చాటింపు వేసిన మూడో రోజు, శుక్రవారం, పొద్దున పదకొండు కావడానికి పది నిమిషాలు ఉందనగా, నేను రెడ్డెమ్మను ఏడుగురి ఎదుట దొంగ అన్నాను. గడియారం మా వీధి వళ్లియమ్మ ఇంటి హాలులో నా కుడిచేతి గోడకు ఉంది కాబట్టి టైము బాగా గుర్తు. ఎడమచేతి గోడకు ఉండి ఉంటే నాకు కనపడేది కాదు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

ఇది జబ్బు గురించిన రాత. అయితే ముందు పుస్తకాల గురించి చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు.

నా పేరు చెంగమ్మ. అరవై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు బడి గడప తొక్కలేదు. తిరుపతికి కాపరానికి వచ్చినప్పటి నుంచి లేసు అల్లుతున్నాను. చివర కొక్కెం ఉన్న సూది, ఒక తెల్ల దారపుండ, ఇవే నా సామాన్లు. రెడ్డెమ్మది పూతలపట్టు. నాకంటే ఆరేళ్లు చిన్న. మొగుడు పోయాక మా ఇంటికి రెండిళ్ల అవతల గది తీసుకుంది. పన్నెండేళ్లు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని అల్లాం. ఆమె నా ఎడమపక్క కూర్చునేది. నా మోచేయి కుడివైపుకు ఆడుతుంది కాబట్టి అటు ఎవరూ కూర్చోలేరు.

రెడ్డెమ్మ ఏడో తరగతి చదివింది. బస్టాండు దగ్గర పాత పుస్తకాలు పరిచి అమ్మే ఆయన నుంచి అట్టలూడిన చిన్న నవలలు తెచ్చి చదివేది, నేను వింటూ ఆమె వంతు పని కూడా అల్లేదాన్ని. ఆ నవలలన్నిటిలో కావేరమ్మ అనే ముసలావిడ ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని లేసు అల్లుతూనే ఊళ్లో జరిగే దొంగతనాలు, చావులు తేలుస్తుంది. చావులున్నా నెత్తురు కనపడదు. మధ్యమధ్యలో కాఫీలు, మురుకులు. పోలీసాయన కూడా వచ్చి ఆమె అరుగు మీదే కూర్చుంటాడు. ఎవరి చేతి బిగువు వాళ్లది, చేయి అబద్ధం చెప్పదు, అంటుంది కావేరమ్మ. ఆఖరున అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక కుట్టు చూపించి, వేలు పెట్టి దొంగను చూపిస్తుంది. ఒక్కసారి కూడా తప్పు మనిషిని చూపించలేదు.

రెడ్డెమ్మ గడుసుది. సరిగ్గా ఆ గదిలోకి అందరూ వచ్చి కూర్చున్నాక పుస్తకం మూసేది.

"దొంగెవురో చెప్పిపోమే," అంటే, "నాకు గొంతు నొస్తాండాది. నువ్వే సదువుకోక్కా," అనేది.

"అరవై ఏళ్లకు నాకు అచ్చరాలు యాడొస్తాయి?"

"అరవై వరసల లేసు తప్పు పోకుండా అల్లేదానివి, ఈ యాభై చిల్లర నీకొక లెక్కా?"

దొంగ ఎవరో తెలుసుకోవడానికి నేను అక్షరాలు నేర్చుకున్నాను. బియ్యంలో రాయించలేదు, పలక కొనలేదు. లేసు దారాన్ని చాప మీద వంచి అ, ఆ పెట్టేది రెడ్డెమ్మ. ఏడాదిన్నరకు ఒక నవల మొదటి నుంచి ఆఖరు దాకా నేనే చదివాను. ఆ రోజు ఇద్దరికీ పాయసం చేశాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ ముక్కలు రాస్తున్నది ఆ చదువుతోనే. దొంగ అన్నది కూడా ఆమెనే.

శివరాత్రి వెళ్లాక మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. మోకాలి పక్కన పెట్టుకున్న కత్తెర కనపడేది కాదు. "నా కత్తెర యాడ పెట్టినావుమే," అంటే రెడ్డెమ్మ తీసి చేతికిచ్చేది. "ఆడనే ఉండాది గదక్కా." దారపుండలు తగ్గేవి, మళ్లీ కనపడేవి. నడుస్తుంటే ఎడమ భుజం తలుపుకు కొట్టుకునేది. ఈ తలుపును ఎవరు జరిపారు అనుకునేదాన్ని. పుస్తకం తెరిస్తే మాటలు అతకడం లేదు. ప్రతి లైనూ మధ్యలో మొదలైనట్టుండేది. అచ్చువేసినవాడు తాగి వేశాడని పాత పుస్తకాలాయనతో పోట్లాడి రెండు నవలలు ఆయన మొహాన పారేసి వచ్చాను. కోపం కొత్తగా వచ్చింది. ఉప్పు తక్కువైందని కోడలు సుగుణ మీద గిన్నె విసిరాను. నేను నోటి దురుసు మనిషినే, కానీ అంతకు ముందు ఎవరి మీదా ఏదీ విసరలేదు.

అదే సమయంలో వీధి ఆడవాళ్లందరం కలిసి అమ్మవారికి సారె పెట్టాలనుకున్నాం. పళ్లెం మీద కప్పే లేసు గుడ్డ నేను అల్లాలి. చదరపు గుడ్డ, వరసకు నూట నలభై కుట్లు. వరస ఎప్పుడూ కుడిచేతి వైపు మొదలై ఎడమచేతి వైపు ముగుస్తుంది. అక్కడ గుడ్డ తిప్పి మళ్లీ కుడి నుంచి మొదలుపెట్టాలి. అల్లేవాళ్లకు ఇది తెలుసు, తెలియనివాళ్లు ఇంతమాత్రం గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు పొద్దున గుడ్డ తిప్పి పట్టుకుంటే అంచు తేడాగా ఉంది. నా చేయి బిగువు. నా లేసును నీళ్లలో నానబెట్టినా ముడుచుకోదు. ఈ అంచు వదులుగా, మెత్తగా ఉంది. రెండో అంచూ అంతే. ఆ వదులు ఎవరిదో గుడ్డిదానికైనా తెలుస్తుంది. పన్నెండేళ్లు పక్కన కూర్చుని చూసిన చేయి అది.

అడగొచ్చు. ఆమె గది రెండిళ్ల అవతలే. నేను అడగలేదు. కావేరమ్మ ఎప్పుడూ ముందు అడగదు. గమనిస్తుంది, దాచుకుంటుంది, అందరూ కూడిన రోజు బయటపెడుతుంది. నేనూ దాచుకున్నాను. కత్తెర, దారపుండలు, ఇప్పుడు అంచు. అమ్మవారికి పోయే గుడ్డలో తన చేయి కూడా ఉండాలని దొంగతనంగా కుట్లు వేస్తోంది, నా పేరు సగం తినాలనుకుంటోంది అని తేల్చుకున్నాను. నాలుగు వారాలు ఆమె పక్కనే కూర్చుని, ఆమె ఇచ్చిన వక్కాకు వేసుకుంటూ, ఆ శుక్రవారం కోసం కాచుకున్నాను. జబ్బు మీద చాలా నెట్టొచ్చు. ఈ నాలుగు వారాల ఓపికను మాత్రం జబ్బు మీద నెట్టలేను. అది నాది.

శుక్రవారం సారె సర్దడానికి అందరం వళ్లియమ్మ హాలులో కూర్చున్నాం. నేను గుడ్డ పరిచాను.

"ఈ నడిమి పని సూడండి, ఈ అంచు సూడండి. ఇది నా చెయ్యేనా? నా కత్తెర దాచింది, నా దారం ఎత్తుకపొయ్యింది, ఇప్పుడు అమ్మోరి గుడ్డలో కూడా చెయ్యి పెట్టింది. ఆ దొంగ ఈడనే కూర్చోనుండాది."

తల పూర్తిగా తిప్పితేగాని రెడ్డెమ్మ కనపడలేదు. ఇంకొక మాట కూడా అన్నాను. మొగుడు పోయిన ఆడదాన్ని అనకూడని మాట. నాకూ మొగుడు లేడు. ఆ మాట ఇక్కడ రాయను. విన్నవాళ్లకు గుర్తుంది.

"అక్కా, నీకు కండ్లు..." అని మొదలుపెట్టింది.

"నా కండ్లకేం, బాగానే ఉండాయి. నీ చేతులు సూసుకో."

రెడ్డెమ్మ లేచింది. నేను గుడ్డ లాగి పరిచినప్పుడు సూది జారి, ఆఖరు వరస చివరి కన్ను తెరుచుకుని ఉంది. ఒక్క దారం లాగితే వరసంతా ఊడొస్తుంది. ఆమె తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఆ కన్నుకు పెట్టింది, జారిపోకుండా. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

"జాతర తిట్లు ఒంటికంటవులేమే," అంది మా వీధి కుప్పమ్మ నన్ను సముదాయిస్తూ. మా జాతరలో బండ వేషం వేసినవాళ్లు ఎదురొచ్చినవాళ్లనల్లా బూతులు తిడతారు. ఎవరూ తప్పుపట్టరు, ఆ తిట్టు తగలదు. ఆ మాట పట్టుకుని నేను కాస్త నిమ్మళించాను.

చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదని మా కట్టుబాటు. పెళ్లిళ్లు మానుకుంటారు, ప్రయాణాలు మానుకుంటారు. రెడ్డెమ్మ ఆ మధ్యాహ్నమే సంచి పట్టుకుని పూతలపట్టు బస్సు ఎక్కిందని సాయంత్రం తెలిసింది.

మర్నాడు శనివారం మధ్యాహ్నం. తిని చేయి కడగబోతూ సుగుణను అడిగాను. "ఏం, అన్నం సగమే పెట్టినావు? నీ ఇంట్లో నాకు కొలత పెట్టినావా?"

సుగుణ నా అన్నం తట్ట వైపు చూసింది. వంగి తట్టను అటు నుంచి ఇటు తిప్పింది. అన్నం ఉంది. పప్పు ఉంది. ఊరగాయ కూడా ఉంది. నేను వేలు పెట్టనే లేదు.

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. దయ్యం చూసినా అంత భయపడను. కళ్లెదుట ఉన్న అన్నం లేదని నేను ప్రమాణం చేసి ఉండేదాన్ని.

ఆసుపత్రిలో ఆ వారంలో మూడుసార్లు కూర్చున్నాం. పెద్ద హాలు, ఇనప కుర్చీలు, గోడ మీద ఎర్రంకెల బోర్డు. నా చీటీ ముప్పై ఒకటి. నా కుడిపక్క పలమనేరు ఆమె, పాల వ్యాపారమట, మొగుణ్ని తీసుకొచ్చింది. నేను గొణుక్కుంటున్నాను, రెండు, మూడు, నాలుగు, ఎప్పటికయ్యేను అని.

"ఇరవై నాలుగు గదమ్మా ఆడుండేది," అంది.

నేను తల తిప్పాను. రెండంకె వచ్చి నాలుగు పక్కన నిలబడింది. ఆమెకు ఏం అర్థమైందో, నా చేయి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "నేను సూస్తాంటాలే. నువ్వు కండ్లు మూసుకో." తన మొగుడి వంతు వచ్చి పోయేదాకా ఆ చేయి వదలలేదు. పేరు అడగలేదు నేను. ఇప్పుడు అడగాలనిపిస్తుంది.

కళ్లు మూసుకుని ఉండగా ఎడమ నుంచి గొంతులు వచ్చాయి. నా కొడుకు శేఖర్, కోడలు. శేఖర్ రేణిగుంటలో గోడౌను పని చేస్తాడు, సెలవు పెట్టి వచ్చాడు. నేను నిద్రపోయాననుకున్నారు.

"నీకు తెలుసునా ముందే?" అన్నాడు శేఖర్.

"తెలుసు. అత్త వరస సివరికి రాకముందే తిరిగేస్తా ఉండె. దినానికి పది కుట్లు, పదైదు కుట్లు. మధ్యాన్నం అత్త పడుకున్నాక రెడ్డెమ్మ పిన్నమ్మ వొచ్చి, తప్పు పొయ్యిన కాడికి ఊడదీసి, సివరి దాకా అల్లిపెట్టి పొయ్యేది. అక్క చెయ్యి పొయ్యిందని అక్కకు తెలిస్తే బతకదు, సెప్పొద్దు అనె."

"అందరి ముందర అమ్మ అంత మాటంటే నీ నోరేమయింది?"

"మీయమ్మ ముందర నోరు తెరిసినోళ్లెవురు ఆ ఇంట్లో? నీకు సెప్తే నువ్వేమంటివి? వయసైపొయ్యింది, వదిలెయ్యి అంటివి."

నేను కళ్లు తెరవలేదు. కావేరమ్మ కథలో ఆఖరి గది ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. కుట్టు నిజమే చెప్పింది. అది రెడ్డెమ్మ చెయ్యే. చదవడమే నాకు రాలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఒక కాగితపు పట్టీ ఇచ్చి నడిమికి చుక్క పెట్టమంది. నవ్వొచ్చింది. యాభై ఏళ్లుగా కొలబద్ద లేకుండా గుడ్డ నడిమి పట్టినదాన్ని. పెట్టాను. ఆమె పట్టీని నా ఎదుటే సగానికి మడిచింది. నా చుక్క మడతకు నాలుగు వేళ్ల కుడికి ఉంది. ఆమె ఏమీ చెప్పకముందే నేను ఏడ్చాను.

తలలో కుడివైపు నిమ్మకాయంత గడ్డ. చెడ్డ రకం కాదన్నారు, తీసేయాలన్నారు. నెల తిరగకముందే తీశారు. దాని గురించి ఎక్కువ చెప్పను. మత్తు ఇచ్చేముందు గుండు గీశారు. మెలకువ వచ్చాక దాహం. ఆ తర్వాత చాలా రోజులు తల ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుండేది.

తిరుపతిలో గుండుకు ఒక సౌకర్యం ఉంది. ఎవరూ జబ్బు అనుకోరు. ఇంటికి వస్తుంటే ఆటో ఆయన అడిగాడు, "దర్శనం బాగా జరిగిందామ్మా? యా ఊరు మీది?" యాభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను నాయనా అనబోయి, బాగా జరిగిందన్నాను. సుగుణ నవ్వింది. చాలా నెలల తర్వాత నేను విన్న ఆమె నవ్వు అది.

ఆషాఢంలో వచ్చే మా ఆడి నెలంతా మంచం. గుడ్డ జాతరలోనే అమ్మవారికి చేరింది, ఆ పిన్నీసు తీసి మిగిలిన వరస కట్టించి ఇచ్చింది సుగుణే. పిన్నీసు నా దారపు పెట్టెలో పెట్టింది. పెట్టె అడుగున ఇంకొకటి దొరికింది. ఊడదీసిన దారం ఉండ. అల్లి విప్పిన దారం మెలికలు మెలికలుగా ఉంటుంది, కొత్తదానితో కలవదు. రెడ్డెమ్మ పారేయలేదు, చుట్టి దాచింది. కొబ్బరికాయంత ఉంది. నేను తప్పు అల్లినదంతా అదే. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను.

ఎడమవైపు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది, పూర్తిగా కాదు. ఆసుపత్రిలో ఒకమ్మ ఒక ఉపాయం చెప్పింది. పుస్తకం ఎడమ అంచున ఎర్రదారం పెట్టుకో, ఆ ఎరుపు దొరికేదాకా వెతుకు, అక్కడి నుంచి చదువు అంది. ఎర్రదారంతో మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టాను. ఈసారి పక్కన ఎవరూ లేరు.

దీపావళి అయిన రెండో సోమవారం శేఖర్ నన్ను పూతలపట్టు తీసుకెళ్లాడు. రెడ్డెమ్మ తమ్ముడి ఇంట్లో ఉంటోంది. నా గుండు మీద మొలిచిన వెంట్రుకలు చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కుర్చీ వేసి, తాను నా కుడిపక్కకు వచ్చి కూర్చుంది. నాకు కనపడాలని. అది చూసే నాకు సగం ప్రాణం పోయింది.

చెప్పాల్సింది చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు.

"నాకు ముందే సెప్పుంటే గడ్డ ముందే తెలిసుండు గదమే," అన్నాను. అదీ అన్నాను. నా నోరు అట్లాంటిది.

"తెలిసుండు. అది నా తప్పే," అంది. "నీ చెయ్యి పొయ్యిందని సెప్పేదానికి నాకు నోరు రాలేదక్కా."

"తిరిగి రా. జాతరలో అన్న మాట తగలదంటారు."

రెడ్డెమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు వేషం వేసుకోనుంటివా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అందరి ముందర అంటివి. ఈడ నా ఒక్కదాని ముందర ఏడిస్తే ఆ మాట యాడికి పోతాది? అది ఆ హాల్లోనే ఉండాది."

కాఫీ ఇచ్చింది. బస్సు దాకా వచ్చింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

అందుకని ఇది రాశాను. అచ్చయినా, కాకపోయినా ఈసారి చాటింపు వేసిన మూడో రోజు, శుక్రవారం, అదే టైముకు అదే హాలులో నేనే నిలబడి చదువుతాను. ఎర్రదారం పెట్టుకుని నిదానంగా చదువుతాను, ఓపిక పట్టండి. ఇది చదివే బయటివాళ్లకు ఒక్క మాట. ఇంట్లో పెద్దవాళ్లు తట్టలో ఒకపక్క అన్నం వదిలేస్తుంటే, లేని కోపం కొత్తగా వస్తుంటే, వయసని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి. మీకు ఎవరి మీదనైనా అనుమానం వస్తే, అందరిలో అనకముందు ఆ మనిషిని ఒంటరిగా అడగండి. రెండిళ్ల దూరమే కదా.

అన్న మాట తీసుకోవాలంటే విన్నవాళ్లందరూ ఉండాలి. ఆ రోజు ఎవరెవరున్నారో రాద్దామంటే నాకు నలుగురే గుర్తొచ్చారు. నా కుడివైపు కూర్చున్నవాళ్లు. మిగిలినవాళ్ల పేర్లు సుగుణను అడిగి రాసుకున్నాను.

నాకు కనపడినవాళ్లు: ఇంటామె వళ్లియమ్మ, పసుపు కుంకుమ సర్దుతూ. పూలమ్మే మునెమ్మ. నన్ను సముదాయించిన కుప్పమ్మ. గడియారం కింద ధనలక్ష్మి.

నాకు కనపడనివాళ్లు: నా కోడలు సుగుణ, నోట్లో కొంగు పెట్టుకుని. అరటిపండ్లు తెచ్చిన హంసవేణి. అప్పుడే వచ్చి గడపలో నిలబడిపోయిన రాజేశ్వరి.

అందరికంటే దగ్గరగా, నా ఎడమ మోకాలి పక్కన, చేతిలో నా కత్తెర పట్టుకుని, రెడ్డెమ్మ.